అంచెట్టి కొండ దిగి, దీవి బడికి

తమిళనాడులో కృష్ణగిరి జిల్లా అంచెట్టి చుట్టుపక్కల పల్లెల్లో ఒకటో తరగతిలో చేరిన తెలుగింటి బిడ్డను తలుచుకోండి. ఇంట్లో అమ్మతో తెలుగు. సంతలో సగం కన్నడం. బడిలో నల్లబల్ల మీద తమిళం. అయ్యవారు తంజావూరు వైపు నుంచో తిరునెల్వేలి వైపు నుంచో వచ్చిన మనిషైతే ఆయనకు బిడ్డ మాట రాదు, బిడ్డకు ఆయన మాట రాదు. మొదటి కొన్ని నెలలు ఆ బిడ్డ నోరు తెరవడు. చదువు తలకెక్కడం లేదని అయ్యవారు అనుకుంటాడు. సాయంత్రం ఇంటికొచ్చాక అదే బిడ్డ దొడ్డిలోకి చేరిన మేకల లెక్క తప్పు లేకుండా చెప్తాడు.

విదేశంలో టీచరు ఉద్యోగం గురించి చెప్పబోతూ ఈ బిడ్డను ఎందుకు తెచ్చానంటే, మన మొరసునాడు (ఈ అంచెట్టి, హొసూరు సీమ) నుంచి వెళ్లే టీచరుకు అక్కడ ఎదురయ్యే అసలు చిక్కు ఇదే. వీసా, విమానం, జీతం గురించి చెప్పడానికి ఊరికి పదిమంది ఉంటారు. తరగతి గదిలోకి అడుగుపెట్టిన తర్వాత ముప్పై మంది పిల్లలు ఉలుకూ పలుకూ లేకుండా చూస్తుంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. ఒకప్పుడు ఆ మౌనంలో కూర్చున్న బిడ్డే ఇప్పుడు బల్ల పక్కన నిలబడ్డాడన్న సంగతి ఆ టీచరుకే గుర్తు రావాలి.

మన దేశం నుంచి అయ్యవార్లు బయటికి వెళ్లడం పాత సంగతే. ఇథియోపియాలో హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో వేలమంది భారతీయ టీచర్లు, ముఖ్యంగా కేరళవాళ్లు, అక్కడి బడుల్లో పాఠాలు చెప్పారు. ఏలూరు కాలేజీలో పనిచేసిన వెల్చేరు నారాయణరావు 1971లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి దశాబ్దాలపాటు అక్కడివాళ్లకు తెలుగు చెప్పారు. ఈ రోజుల్లో దారులు ఇంకా ఎక్కువ. ఇంగ్లండు ప్రభుత్వం 2023 ఫిబ్రవరి నుంచి మన దేశంలో అర్హత పొందిన కొన్ని సబ్జెక్టుల టీచర్లు కూడా అక్కడి టీచరు హోదాకు దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. అమెరికాకు జె-1 వీసా మీద వెళ్తే మూడేళ్లు, పొడిగిస్తే ఇంకో రెండేళ్లు ఉండొచ్చు, దానికి కనీసం రెండేళ్ల బోధనానుభవం కావాలి. గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడులు బోలెడున్నాయి. అయితే అక్కడ ఎదురుగా కూర్చునేవాళ్లు చాలావరకు మన దేశపు పిల్లలే, పుస్తకాలూ మనవే. అందుకని గల్ఫ్ పరాయి దేశమే అయినా తరగతి మాత్రం అంత పరాయిది కాదు.

నేను మాల్దీవుల్ని ఉదాహరణగా తీసుకుంటాను. హొసూరు దాటి బెంగళూరు విమానాశ్రయం చేరితే అక్కణ్నుంచి మాలేకు దాదాపు రెండు గంటల ప్రయాణం. అక్కడి బడుల్లో విదేశీ టీచర్లలో ఎక్కువమంది భారతీయులే. తమిళనాడు, కేరళ, ఆంధ్ర నుంచి బి.ఎడ్. చదివినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడికి వెళ్తున్నారు. ఎదురుగా కూర్చునే పిల్లలు మాత్రం పూర్తిగా ఆ దేశపువాళ్లు. సర్దుకోవడం అంటే ఏమిటో అక్కడ బాగా తెలుస్తుంది.

ముందు కాగితాల సంగతి. మనం తెలుగువాళ్లమే అయినా కాగితాల్లో తమిళనాడువాళ్లం. సర్టిఫికెట్ల పని చెన్నైలో తేలాలి. బి.ఎడ్. పట్టా తమిళనాడు ఉపాధ్యాయ విద్యా విశ్వవిద్యాలయానిదైతే, అది నిజమైనదేనన్న ధ్రువీకరణ కూడా అక్కణ్నుంచే రావాలి. రాష్ట్ర ప్రభుత్వ ముద్ర పడ్డాక విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర వేస్తుంది. ఈ ముద్రను సభ్య దేశాలు ఒప్పుకునేలా చేసిన హేగ్ ఒప్పందం మన దేశానికి 2005 నుంచి అమల్లో ఉంది. ఒప్పందంలో లేని దేశాలకు వెళ్లేటప్పుడు ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర వేయించుకోవాలి. ఏ దేశానికి ఏది కావాలో ఉద్యోగమిచ్చేవాళ్లనే రాతపూర్వకంగా అడగండి, పక్కింటివాళ్ల అనుభవం మీద ఆధారపడొద్దు.

ఇక్కడ మన సీమవాళ్లకు మాత్రమే వచ్చే తంటా ఒకటుంది. మన పేర్లు తమిళ లిపి గుండా ప్రయాణించి ఇంగ్లీషులోకి వస్తాయి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ, భ లకు ఒకటే అక్షరం. ఇంట్లో భైరప్ప రేషన్ కార్డులో పైరప్ప అవుతాడు, గోవిందమ్మ పదో తరగతి మార్కుల పట్టీలో కోవిందమ్మ అవుతుంది. దానికి తోడు మన దగ్గర ఇంటిపేరు రాయరు, తండ్రి పేరులోని మొదటి అక్షరం ఇనీషియల్‌గా పెడతారు. పాస్‌పోర్టులో ఆ ఒక్క అక్షరం చాలదు, దాన్ని విడదీసి తండ్రి పేరు మొత్తం రాయాలి. చివరికి మార్కుల పట్టీలో ఒక పేరు, పట్టాలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు మిగులుతాయి. అవతలి దేశపు గుమాస్తాకు ఇవి ముగ్గురు మనుషుల్లా కనిపిస్తాయి. ఉద్యోగం ఖాయమయ్యాక దీన్ని సరిచేయడానికి కూర్చుంటే నెలలు పోతాయి. బి.ఎడ్. చదువుతున్నప్పుడే అన్ని కాగితాలూ ఒక బల్ల మీద పరిచి, పేరు అక్షరం అక్షరం పోల్చి చూసుకోవడం మేలు.

ఏజెంటు ద్వారా వెళ్తుంటే, అతనికి కేంద్ర విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ జాబితాలో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుముకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ వరకే హద్దు. లక్షల్లో అడిగేవాడు ఆ హద్దు దాటినవాడే. తమిళనాడు ప్రభుత్వానికి విదేశీ ఉద్యోగాల కోసమే ఒక సంస్థ ఉంది, ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కార్పొరేషన్. 1978 నుంచి చెన్నైలో పనిచేస్తోంది. అడగడానికి అది మంచి చోటు. పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. (వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న) ముద్ర గురించి చాలామంది భయపడతారు. ఆ నిబంధన 18 దేశాలకే వర్తిస్తుంది, మాల్దీవులు అందులో లేవు. పైగా పదో తరగతి పాసైనవాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు కాబట్టి టీచర్లకు దాంతో పనిలేదు.

ఒప్పంద పత్రంలో జీతం అంకె దగ్గరే కళ్లు ఆగిపోతాయి. దానికంటే ముందు చూడాల్సిన మాటలున్నాయి. ఏ దీవిలో పని? ఇల్లు వాళ్లిస్తారా, అద్దె మనమే కట్టుకోవాలా? ఊరికి రానుపోను టికెట్ ఎవరిది? మధ్యలో మానేస్తే తిరుగు ఖర్చు ఎవరిది? మాల్దీవుల 2008 ఉద్యోగ చట్టం ప్రకారం ప్రొబేషన్ మూడు నెలలకు మించకూడదు, ఏడాది నిండాక 30 రోజుల సెలవు ఇవ్వాలి. వర్క్ పర్మిట్ ఆ యజమాని పేరుతోనే ముడిపడి ఉంటుంది, కాబట్టి నచ్చకపోతే పక్క దీవి బడికి మారిపోవడం మన ఊళ్లో ఒక ప్రైవేటు బడి నుంచి ఇంకోదానికి మారినంత తేలిక కాదు.

డబ్బు విషయంలో ఒకటి తెలిసి వెళ్లాలి. జీతం అక్కడి కరెన్సీ రూఫియాల్లో వస్తుంది. ఇంటికి పంపాలంటే దాన్ని డాలర్లుగా మార్చాలి. తినే బియ్యం నుంచి కట్టే సిమెంటు దాకా దిగుమతి చేసుకునే దేశం అది. డాలర్లకు ఎప్పుడూ కటకటే. బ్యాంకులో డాలరు ధర 15.42 రూఫియాలని రాసి ఉన్నా, అడిగినన్ని డాలర్లు ఆ ధరకు దొరకవు. విదేశీ ఉద్యోగులు నెలకు ఇంతకు మించి పంపకూడదని బ్యాంకులు హద్దు పెట్టిన సందర్భాలున్నాయి. ఇక్కడ చిట్టీ, ఇంటి లోను కంతులు కట్టాల్సినవాళ్లు జీతం మొత్తాన్ని రూపాయల్లోకి గుణించి లెక్కవేసుకోకూడదు. నెలనెలా నిజంగా ఎంత పంపగలరో అప్పటికే అక్కడ పనిచేస్తున్న టీచరును అడిగి తెలుసుకోవాలి.

ఇక దీవి. మొత్తం దాదాపు 1,200 దీవులు, మనుషులుండేవి 200 లోపు. నేల సముద్ర మట్టానికి రెండున్నర మీటర్ల ఎత్తు కూడా ఉండదు. అంచెట్టిలో కళ్లెత్తితే కొండ, దిగితే అడవి, దాటితే కావేరి, రాత్రయితే రాగి చేలో ఏనుగు పడుతుందేమోనన్న కావలి. అక్కడ కొండా లేదు, ఏరూ లేదు. చిన్న దీవిని అరగంటలో చుట్టి రావచ్చు. ఆ అరగంటలో ఎదురైన ప్రతి మనిషికీ మీరు కొత్త టీచరని తెలుసు, మీ ఇంట్లో రాత్రి ఎన్నింటిదాకా లైటు వెలిగిందో కూడా తెలుసు. చిన్న పల్లెలో పుట్టినవాళ్లకు ఇది కొత్త కాదు. పట్నంలో పెరిగినవాళ్లు ఇక్కడే ఎక్కువ ఉక్కిరిబిక్కిరవుతారు.

కూరగాయలు పడవ వచ్చినప్పుడు వస్తాయి, ధర ఎక్కువ. చేప మాత్రం పుష్కలం. తురిమిన కొబ్బరి, ట్యూనా చేప, ఉల్లిపాయ కలిపిన ‘మస్ హుని’ని ‘రోషి’ అనే రొట్టెతో పొద్దున్నే తింటారు. రాగిముద్ద, ఉలవచారు అలవాటైన నాలుక కొన్నాళ్లు మొరాయిస్తుంది. శాకాహారులు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. అది ఇస్లాం అధికారిక మతంగా ఉన్న దేశం. వారాంతపు సెలవు శుక్రవారం, శనివారం. పూజకు విగ్రహాలు తీసుకెళ్లడాన్ని కస్టమ్స్ నిషేధించింది. మద్యం, పంది మాంసం కూడా అంతే. రంజాన్ నెలలో పగటిపూట బయట తినకూడదు. దేవుడి గదిలోని చిన్న విగ్రహాన్ని పెట్టెలో సర్దేసే అమ్మలున్నారు, ప్రేమతోనే సర్దుతారు. ఆ ప్రేమ విమానాశ్రయంలో బిడ్డను ఇబ్బందిలో పడేస్తుంది. ఎవరైనా ముందే కూర్చోబెట్టి చెప్పాలి.

ఇప్పుడు తరగతిలోకి వద్దాం. అక్కడ ఇంటి భాష దివెహి, కుడి నుంచి ఎడమకు రాస్తారు, లిపి పేరు తాన. బడిలో దివెహి, ఇస్లాం పాఠాలు తప్ప మిగతావన్నీ ఇంగ్లీషులోనే. 1960లలో మాలేలో మొదలైన ఇంగ్లీషు మీడియం తర్వాత దీవులన్నిటికీ పాకింది. అంటే ఆ పిల్లలు ఇంట్లో ఒక భాష, పుస్తకంలో ఇంకో భాష మోసుకుంటూ బడికి వస్తారు. మన పిల్లల కథే అది. తమిళనాడులో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక తెలుగు, కన్నడ, ఉర్దూ ఇళ్ల పిల్లలు పదో తరగతిదాకా ఏ బరువు మోస్తున్నారో మన సీమలో వివరించి చెప్పక్కర్లేదు.

మొదటి వారం కొత్త టీచరు చేసే పొరపాటు ఒకటుంది. ఆటస్థలంలో పిల్లలు కార్టూన్ల ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంటారు. ‘వీళ్లకు ఇంగ్లీషు బాగా వచ్చు’ అనుకుని టీచరు పాఠం వేగంగా నడిపేస్తుంది. పరీక్ష పెట్టాక ‘ఎందుకో వివరించు’ అన్న ప్రశ్న దగ్గర అన్ని కాగితాలూ ఖాళీ. కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లో ఈ తేడాను విడదీసి చూపాడు. కబుర్ల భాష వేరు, చదువు భాష వేరు అన్నాడు. కొత్త భాషలో కబుర్లు చెప్పడం పిల్లలకు రెండేళ్లలో పట్టుబడుతుంది. కారణం రాయడానికి, పోల్చడానికి, వాదించడానికి కావలసిన భాష రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. హొసూరు సంతలో గడగడా తమిళం మాట్లాడే మన కుర్రాడు తమిళ వ్యాసం దగ్గర చతికిలపడటానికి కారణం అదే. అతను మొద్దు కాదు, ఆ ఐదేళ్లు ఇంకా నిండలేదు.

దీనికి టీచరు చేయగలిగింది ఏమిటి? మొదటిది ఆగడం. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970ల్లో తరగతులను రికార్డు చేసి చూసింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు చిన్న మాటే. కొత్త దేశంలో, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సూపర్‌వైజరు వెనక బెంచీలో కూర్చుని ఉండగా, మౌనంగా మూడు సెకన్లు నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. పైగా దీవి పిల్లవాడు ప్రశ్నను ఇంగ్లీషులో విని, దివెహిలో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చుకోవాలి. అతనికి మూడు కాదు, ఐదు సెకన్లు ఇవ్వాలి.

రెండోది, పుస్తకంలోని ఉదాహరణను ఊరి ఉదాహరణగా మార్చడం. లెక్కల పుస్తకంలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో రైలు పోతుంది. మాల్దీవుల్లో రైలు లేదు. ఆ మాటకొస్తే అంచెట్టికీ రైలు లేదు, జిల్లా కేంద్రం కృష్ణగిరికే లేదు. రైలెక్కాలంటే హొసూరు వెళ్లాలి. మనం చూడని రైలును ఊహించుకుంటూ లెక్కలు చేసిన పిల్లలం. కాబట్టి దీవి బడిలో రైలును చెరిపేసి దోణిని రాయండి. దోణి అంటే వాళ్ల పడవ, మన దోనెకు చుట్టంలా వినబడే మాట. గంటకు 12 కిలోమీటర్లు పోయే దోణి 30 కిలోమీటర్ల దూరంలోని దీవికి ఎంతసేపట్లో చేరుతుంది? రెండున్నర గంటలని ఇంగ్లీషు రాని పిల్లాడు కూడా వేళ్లతో చూపిస్తాడు, ఎందుకంటే వాళ్ల మామ రోజూ ఆ దారిన వెళ్లొస్తుంటాడు. నది పాఠం వచ్చినప్పుడు మాత్రం పని తారుమారవుతుంది. నదిని చూడని పిల్లలకు నది గురించి చెప్పాలి. హొగెనకల్లులో కావేరి మీద పరిసల్ (పుట్టి) ఎక్కిన టీచరు తన ఫోన్లోని వీడియో ఒకటి చూపిస్తే ఆ పాఠం సగం అయిపోయినట్టే. ఊరు వదిలేముందు కావేరి ఒడ్డుకు వెళ్లి అలాంటి పది నిమిషాల వీడియో తీసిపెట్టుకోమని నేను గట్టిగా చెప్తాను.

మూడోది మొదటి రెండింటికంటే తేలిక, కానీ చాలామంది చెయ్యరు. పిల్లల భాషలో ఇరవై మాటలు నేర్చుకోవడం. ‘ఆన్’ అంటే అవును, ‘నూన్’ అంటే కాదు, ‘ఫెన్’ అంటే నీళ్లు, ‘కిహినే’ అంటే ఎలా, ‘షుకురియ్యా’ అంటే ధన్యవాదాలు. ఆ భాష సింహళానికి దగ్గర, సంస్కృతపు పోగులు కనబడుతుంటాయి. దివెహి అన్న పేరుకూ మన దీవి అన్న మాటకూ మూలం ‘ద్వీపం’ అన్న ఒకే మాట. భూగోళ పుస్తకాల్లో చదివే ‘అటోల్’ అన్న ఇంగ్లీషు మాటను ప్రపంచానికి ఇచ్చింది కూడా దివెహి భాషే, వాళ్లు ‘అతొళు’ అంటారు. చివర ఉన్నది మన ‘ళ’. ఇంగ్లీషు దొరలకు పలకని ‘ళ’ మనకు పుట్టుకతోనే వచ్చు. ఇన్‌స్పెక్షన్లో దీనికి మార్కులుండవు. నా మటుకు నాకు ఇది సర్టిఫికెట్ల కట్టకంటే విలువైన అర్హత.

తల్లిదండ్రులతో, తోటి టీచర్లతో నడవడిక గురించి ఎక్కువ చెప్పను. అక్కడి టీచర్లలో కొందరు మీకంటే చిన్నవాళ్లై ఉండి కూడా మీ మీద లీడింగ్ టీచరుగానో సూపర్‌వైజరుగానో ఉండొచ్చు. మన దగ్గర వయసుకు ఇచ్చే మర్యాదను అక్కడ ఆశించకండి. పిల్లల మీద చెయ్యెత్తకూడదని వేరే చెప్పాలా? మన 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కూడా అదే చెప్తోంది. ఇక్కడ ఆ అలవాటు వదలనివాళ్లు ఆ దీవి బడికి పోకపోవడమే అందరికీ మంచిది.

మనసు సంగతి మిగిలింది. 1955లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం లీస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వేవాళ్లను అడిగి చూశాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే ఉన్నామన్నారు, పద్దెనిమిది నెలలు దాటినవాళ్లూ బాగానే ఉన్నామన్నారు, మధ్యలో ఉన్నవాళ్లే కుంగిపోయారు. తర్వాతి పరిశోధనలు ఈ లెక్క అందరికీ సరిపోదని, కొందరికి మొదటి వారాలే గడ్డుగా ఉంటాయని చూపాయి. నాకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటే కనిపిస్తుంది. వెళ్లిన వెంటనే దిగులు రాలేదని ధీమా పడకూడదు, ఎనిమిదో నెలలో వస్తే తనలో ఏదో లోపముందని అనుకోకూడదు.  ఈ సంగతి ఇంట్లోవాళ్లు కూడా తెలుసుకోవాలి. ఫోన్లో బిడ్డ ముక్తసరిగా మాట్లాడితే ‘డబ్బెప్పుడు పంపుతావు’ అని అడగాల్సిన రోజు కాదు అది. పండక్కి ఏం వండారో, వాన పడిందో లేదో, రాగి ఎంత పండిందో చెప్పండి.

ఇప్పుడు మన సీమ నుంచి వెళ్లిన ఒక టీచరమ్మ దీవి బడి తరగతిలో నిలబడి ఉంది. ప్రశ్న అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. మనసులో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు లెక్కపెట్టింది. మూడో వరుసలోంచి ఒక బిడ్డ తల వంచుకునే దివెహిలో ఏదో అన్నాడు. ఆమెకు మాట అర్థం కాలేదు, వేళ్లు మాత్రం రెండున్నర చూపిస్తున్నాయి. ‘రంగళు’ అంది ఆమె, మంచిది అని. ‘ళ’ సరిగ్గా పలికినందుకు తరగతంతా తలెత్తి చూసింది.